గుట్ట తోడేళ్ళకు అంటిన గజ్జి

అమరచింత దగ్గరి ఊళ్ళో పశువుల దవాఖానలో సహాయకుడిగా చేరిన నాటి నుంచి నాకు మనుషుల మీద కోపం తగ్గిన రోజు లేదు. బర్రె మేత మానేసిన నాలుగో రోజుకు తోలుకొస్తారు, అది చస్తే నా చేతి తప్పంటారు. ఆ ఉద్యోగంలో నాకు నచ్చింది ఒక్కటే, దారి పక్క రాళ్ళగుట్ట మీది ఐదు తోడేళ్ళు. పొద్దున్నే బండి ఆపి, అవి చేలలోంచి వచ్చి గుట్టెక్కేదాకా చూసేవాడిని. చుట్టుపక్కల మరెక్కడా తోడేలు లేదు. ఈ ఐదూ పోతే మా వైపు ఇక తోడేలే ఉండదని నాకు తెలుసు.

గుట్ట కింద గొర్లు కాసే పెద్దాయన వానాకాలం మొదట్లో తన కాపలాకుక్కను తాడు కట్టి దవాఖానకు తెచ్చాడు. దాని చెవుల చుట్టూ వెంట్రుకలు రాలి, చర్మం పొక్కులు కట్టి పగిలింది.

"గజ్జి పట్టింది సారు. గొర్లకేసే సూది జర దీనికి గూడ ఎయ్యున్రి."

ఆ రోజు గొర్లకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు పోస్తున్నాం. బయట మందలు కిక్కిరిసి ఉన్నాయి. నాకు ఒళ్ళు మండింది.

"కుక్కలకు సేవ చేసేటందుకు పెట్టలే నన్ను ఈడ. తీస్కపో కాకా," అన్నాను. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆయన కుక్కను లాక్కుపోయాడు.

ఆ గొర్లకాపరులకు ఒక పద్ధతి ఉంది. మంద కాసిన కుక్కను చంపరు. రోగమొస్తే పెరుగు కలిపిన జొన్నరొట్టె కడుపునిండా పెట్టి, నుదుట పసుపు రాసి, గుట్ట వెనక వదిలేసి వస్తారు. అక్కడే పాత క్వారీ గుంత ఉంది. చచ్చిన గొర్లను పడేసేదీ ఆ గుంతలోనే, తోడేళ్ళు తినడానికి దిగేదీ ఆ గుంతలోకే. ఇదంతా నాకు తెలిసి కూడా తరిమేశాను.

వానలు వెనకబట్టేసరికి ఒక తోడేలు నడుస్తూ నడుస్తూ ఆగి, బండకు ఒళ్ళు రాచుకోవడం చూశాను. తోక మీద బొచ్చు లేదు. గజ్జి పురుగు కంటికి కనిపించదు, చర్మంలో సొరంగాలు తవ్వి గుడ్లు పెడుతుంది. ఊరకుక్కలు పది చచ్చినా ఏడాది తిరిగేసరికి ఇరవై తయారవుతాయి. తోడేళ్ళు ఉన్నవే ఐదు, అవి ఒకే గుహలో ఒళ్ళూ ఒళ్ళూ ఆనించి పడుకుంటే ఎవరిని ఎవరి నుంచి కాపాడతాం? పైగా రెండు తగ్గితే మిగిలినవాటికి వేటే కుదరదు.

ఒక అటవీ అధికారికి ఫోన్ చేశాను. "అడవి నాగర్‌కర్నూల్ దిక్కు కదా, మీది రెవెన్యూ గుట్ట, మా కిందికి రాదు. అయినా తోడేలే కదా, పులి కాదు కదా," అన్నాడు. నోటికొచ్చినట్టు తిట్టి ఫోన్ పెట్టేశాను. తిడితే నాకు చల్లబడిందే తప్ప వాటికి ఒరిగిందేమీ లేదు.

దసరాకు మూడు మిగిలాయి. చలి ముదిరేసరికి ఒక్కటే కనిపించేది.

ఒక మధ్యాహ్నం పదిమంది ట్రాలీ ఆటోలో ఒక కళేబరాన్ని తెచ్చి దవాఖాన ముందు దించారు. చేతుల్లో కట్టెలు ఇంకా ఉన్నాయి.

"పిచ్చికుక్క సారు. పట్టపగలే మంద మీదికొచ్చింది. జరుంటే మనుషుల్ని కరుస్తుండె."

ఒంటి మీద వెంట్రుకన్నది లేని తోడేలు అది. వాళ్ళ వెనక నుంచి పెద్దాయన ముందుకొచ్చి వంగి చూశాడు.

"కుక్క కాదుర ఇది," అని నా వైపు తిరిగాడు. "నా కుక్క రోగమే దీనికి తగిలింది. గుంతకాడ ఇడిసింది నేను. గా దినం నువ్వొక్క సూదేస్తె ఇడుస్తుంటినా? ఇద్దరం కలిసి సంపినం సారు."

ఆయన గొంతు పట్టుకుని బయటికి నెట్టాలనిపించింది. అన్నమాటలో అబద్ధం లేదు కాబట్టే అంత కోపం. నా మీద నాకు అసహ్యం వేసింది. శవాన్ని వెల్లకిలా తిప్పాను. పొదుగు నిండుగా ఉంది. వేలితో నొక్కితే పాలొచ్చాయి.

"పిల్లలున్నయి," అన్నాడు పెద్దాయన.

ఇద్దరం గుట్టంతా వెతికాం. మర్నాడు పొద్దెక్కాక ఒక బండ కింద గుహ దొరికింది. పెద్దాయన బోర్లా పడుకుని చెయ్యి భుజందాకా లోపలికి పెట్టాడు. చల్లబడిన రెండు పిల్లలను తీసి పక్కన పెట్టాడు. మూడోది కీచుమంది. దాన్ని తువ్వాలలో చుట్టి, అటూ ఇటూ తిప్పి చూసి నా చేతికిచ్చాడు.

"బొచ్చు మంచిగనే ఉంది సారు. ఇది బతుకుతది."

పిల్ల నా అరచేతిలో కాసేపు వణికింది. తర్వాత వెనక కాలు పైకెత్తి, చెవి వెనక గీరుకోవడం మొదలుపెట్టింది.