నవ్యకు కనబడింది

దయ్యాల కథలు మొదలైతే అక్కడి నుంచి లేచి వెళ్లిపోయే రకం నేను. బడిలో పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని. మా ఇంట్లో దిష్టి తీసే అలవాటు కూడా లేదు. అందుకే ఈ సంగతి చాలాకాలం ఎవరితోనూ అనలేదు.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఊళ్లన్నీ రోడ్ల మీద ఉన్న రోజులవి. మేం జనగామలో ఉండేవాళ్లం. మా పాప నవ్య నాలుగో తరగతి చదువుతోంది. దానికి దూరపు చూపు బాగా తక్కువ. ఏటేటా నంబరు పెరుగుతుంటే హైదరాబాదులో కంటి డాక్టరు రాత్రిపూట పెట్టుకునే లెన్సులు ఇచ్చారు. పడుకునే ముందు పెట్టాలి, లేవగానే తీసేయాలి. పగలంతా కళ్లద్దాలు లేకుండానే కనబడుతుంది. కొన్ని రాత్రులు మానేస్తే మళ్లీ పాత మసకే. వాటిని కడగడానికి వేరే మందునీళ్లు ఉంటాయి. మామూలు నీళ్లు అసలు తగలకూడదు.

ఆ ఎండాకాలం సెలవుల్లో మా అక్కకు ఆపరేషన్ అయింది. వాళ్లది భూపాలపల్లి దగ్గర చిట్యాల. రెండు రోజులు చూసుకుని వద్దామని నవ్యతో వెళ్లాను. మా ఆయన ఉద్యోగుల జట్టుతో కలిసి మహబూబాబాద్ స్టేషన్లో పట్టాల మీద కూర్చోవడానికి వెళ్లారు.

మేం చిట్యాల చేరిన మర్నాడే బస్సులు ఆగిపోయాయి. అదే రోజు సంచి తెరిస్తే మందునీళ్ల సీసా మూత ఊడి, నీళ్లన్నీ బట్టల్లోకి ఇంకిపోయి ఉన్నాయి. బావ బండి మీద భూపాలపల్లి దాకా పోయి వెతికాడు. అన్ని షాపుల్లోనూ కంటి చుక్కలే చూపించారట.

“కాగబెట్టి సల్లార్చిన నీళ్లయితే ఏమైతదే?” అంది అక్క. నాకూ ఒక్క క్షణం ఆశ పుట్టింది. డాక్టరుకు ఫోన్ చేస్తే కాచిన నీళ్లూ వద్దన్నారు. చూపు తగ్గితే తగ్గనివ్వండి, మళ్లీ పెట్టుకుంటే వస్తుంది, నీళ్లతో కంటికి జబ్బు పట్టిందంటే మాత్రం కష్టం అన్నారు. పాత కళ్లద్దాలేమో జనగామలో ఉండిపోయాయి. వాటి అవసరం ఇక రాదనుకున్నాను.

లెన్సులు డబ్బాలోనే ఉన్నాయి. నవ్యకు ముందు గోడ గడియారం మసకబారింది. తరువాత వాకిట్లో కోళ్లు. ఆ తరువాత మా మొహాలు. ఒక పొద్దున వసారా ఆ చివర నుంచి అడిగింది: “అమ్మా, నువ్వు నవ్వుతున్నవా?”

నేను నవ్వడం లేదు. దగ్గరికి వెళ్లి నవ్వాను.

అప్పటికి మా ఆయన ఫోన్ పలకడం మానేసింది. ముందు ఛార్జింగ్ అయిపోయిందనుకున్నాం. మర్నాడూ పలకలేదు. బావ ఎవరినో బతిమాలి జీపు మాట్లాడాడు. ఊరూరా అడ్డుపెట్టిన చెట్ల కొమ్మలు తప్పించుకుంటూ మహబూబాబాద్ చేరేసరికి మధ్యాహ్నమైంది.

స్టేషన్ నిండా జనం. పట్టాల మీదే వంటలు చేస్తున్నారు, డప్పులు మోగుతున్నాయి. మా ఆయన జట్టువాళ్లను అడిగితే, పొద్దున కళ్లు తిరుగుతున్నాయని లేచి వెళ్లాడు, ఇంటికి పోయిండేమో అనుకున్నాం అన్నారు. పైనుంచి చూద్దామని పాదచారుల వంతెన ఎక్కాం. మెట్లు సరిగా కనబడక నవ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఒక్కొక్కటే ఎక్కింది.

నడిమధ్యలో ఆగిపోయింది. దూరంగా పక్క లైనులో ఒక గూడ్సు బండి నిలిచి ఉంది. అటు తిరిగి, మామూలు గొంతుతో అంది.

“బాపు గాడ పండుకున్నడు. ఒక కాలికి చెప్పు లేదు. చేతికి తువ్వాల సుట్టుకున్నడు.”

నాకు దూరపు చూపు బాగానే ఉంటుంది. గూడ్సు డబ్బాలు, వాటి మీద ఎండ తప్ప నాకేమీ కనబడలేదు. తండ్రి మీద బెంగతో అంటోంది అనుకున్నాను. కానీ బావ అప్పటికే మెట్లు దిగి పరుగెత్తుతున్నాడు.

మా ఆయన గూడ్సుకు అవతలి పక్కన, గోడ దగ్గర నీడలో పడి ఉన్నారు. ఒళ్లు కాలిపోతోంది, పిలిస్తే పలకడం లేదు. ఎడమ కాలికి చెప్పు లేదు. పడినప్పుడు గీరుకుపోయినట్టుంది, అరచేతికి తువ్వాలు చుట్టి ఉంది.

దవాఖానాలో సెలైన్ ఎక్కించారు. ఎండదెబ్బ, ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లం అన్నాడు డ్యూటీ డాక్టరు. సాయంత్రం ఆయన కళ్లు తెరిచారని చెబితే నవ్య వార్డులోకి ఉరికింది. ఉరికి, గుమ్మం దగ్గరున్న ముసలాయన మంచం పక్కన నిలబడి, ఆయన పాదం పట్టుకుని “బాపూ” అంది. ఆ ముసలాయన పాపం, పాదం వెనక్కి తీసుకోకుండా, “మీ బాపు ఆ పక్క మంచం బిడ్డా” అన్నాడు.

తరువాత హైదరాబాదులో పరీక్ష చేయించాను. నంబరు దాదాపు మొదటికే వచ్చింది, లెన్సులు మానేస్తే అంతే అన్నారు డాక్టరు. వంతెన సంగతి ఆయనకు చెప్పలేకపోయాను.

నవ్యను చాలాసార్లు అడిగాను. “కనబడ్డది” అనేది, అంతే. ఇప్పుడు అడిగితే ఆ వంతెనే గుర్తులేదంటుంది. మా ఆయనకు ఈ లెక్కలేవీ పట్టవు. “బిడ్డ సూసింది, నేను బతికిన. ఇంకేం గావాలె నీకు?” అంటారు.

కళ్లు బాగున్నా ఆయన అక్కడి నుంచి కనబడే వీలు లేదు. మహబూబాబాద్ ఎప్పుడు వెళ్లినా ఆ వంతెన ఎక్కుతాను. పక్క లైనులో గూడ్సు ఆగి ఉంటే నవ్య నిలబడ్డ చోటే నిలబడి చూస్తాను. డబ్బాలు అడ్డం. అవతల ఏముందో నాకు ఒక్కసారీ కనబడలేదు.