సార్ మెచ్చిన తరాజు మాదే

మొన్న పొద్దున సంగారెడ్డిలో మా కిరాణా కొట్టు షట్టర్ ఎత్తుతుంటే ఫోన్ వచ్చింది, మా ఇంగ్లిష్ సార్ పోయారని. చేసింది నాతో డిగ్రీ చదివిన ఆమె. దుఃఖం తర్వాత వచ్చింది. ముందు కుళ్లే వచ్చింది. ఈ కబురు కూడా నాకంటే ముందు ఈమెకే తెలిసిందా అని.

సార్ మాకు మెటాఫిజికల్ కవిత్వం చెప్పారు. నాలుగు వందల ఏళ్ల కిందటి ఇంగ్లిష్ కవుల సంగతి. వాళ్ల పద్యం ఎవరో తలుపు తోసుకొచ్చి మాట్లాడినట్టు మొదలవుతుందనీ, ప్రేమనైనా దేవుణ్ణైనా వకీలులా వాదించి ఒప్పిస్తుందనీ అనేవారు. ఎక్కడా పొంతన లేని రెండింటికి ముడివేయడం వాళ్ల అసలు గుణం. అది నేర్పడానికి సార్ బోర్డుకు ఈ చివర ‘ఎడబాటు’ అని రాసేవారు. ఆ చివర మేం రోజూ ముట్టుకునే వస్తువు పేరు రాయాలి. ఇటు నుంచి అటు, అడుగుకో కారణం చెబుతూ నడవాలి. కారణం దొరక్కపోతే అక్కడే ఆగాలి.

“పోలిక సోకు కోసం గాదురా. గుండె కొట్టుకుంటనే బుర్ర పనిచెయ్యాలె” అనేవారు.

నేను ‘చందమామ’ అని రాసి రెండో అడుగులోనే ఆగిపోయాను.

సార్ నవ్వారు. “చందమామను ఎన్నడన్న ముట్టినవారా? నువ్వు దినాం ముట్టేదేంది?”

నా చేతులకు అప్పటికీ కారప్పొడి వాసన ఉంది. కానీ క్లాసులో కొట్టు పేరెత్తడం నామోషీ అనుకున్నాను.

అప్పుడు ఈ ఫోన్ చేసిన ఆమే లేచింది. పాశమైలారంలో మందుల కంపెనీలో ప్యాకింగ్ చేస్తూ చదువుకునేది, సరుకులకు మా కొట్టుకే వచ్చేది. ‘తరాజు’ అని రాసింది.

“రెండు పళ్లాలు ఎన్నడు కలువయి సార్. గని ఒక్క కడ్డీకే యేలాడ్తయి. ఇటు బరువు పడితె అటు దానికి అప్పుడే ఎరుకైతది. దూరం ఉన్నయి గాబట్టే సమంగ ఉంటయి.”

అంటూ చివరిదాకా నడిచింది.

“గిట్లుండాలె బిడ్డా!” అన్నారు సార్, కళ్లు తుడుచుకుంటూ.

ఆ మాట నాకు రావాల్సింది. తరాజు మాది, రోజూ తుడిచేది నేను! ఆ కుళ్లు ఇన్నేళ్లయినా పోలేదు. బియ్యానికి వచ్చినప్పుడల్లా సార్ అడిగేవారు, “ఏంరా, ఎడబాటుకు ఏమన్న దొరికిందా?” ఇంకా లేదనేవాణ్ణి. “జల్దీ ఏం లేదులే” అని సంచి అందుకుని వెళ్లేవారు.

ఇప్పుడు కొట్లో ఎలక్ట్రానిక్ కాంటా ఉంది. ఫోన్ పెట్టేశాక లోపలి గోడకున్న పాత తరాజు దించి, దుమ్ము తుడిచి, పైనున్న కొక్కేనికి తగిలించాను. ఒక పళ్లెంలో రెండు కిలోల రాయి పెట్టాను. రెండోది ఖాళీగా పైకి లేచింది. అప్పుడు తట్టింది. ఇటు నా బరువు కొత్తగా పెరగలేదు, ఎప్పుడూ ఉన్నదే. అటు ఆయన సరితూగుతూ ఉన్నన్నాళ్లూ తెలియలేదు, అంతే. అడుగడుగుకూ కారణం దొరికింది. చివరిదాకా నడిచాను.

చెప్పడానికి సార్ లేరు. ఆమెకు ఫోన్ చేద్దామని నంబరు తీసి, మళ్లీ పెట్టేశాను. ఇదొక్కటైనా నాది. గిరాకీలు వస్తున్నా రాయి తీయలేదు. గొలుసుల మీద ఆ ఖాళీ పళ్లెం మెల్లగా ఊగుతూ ఉంది.