సూదులమ్మ కారు

ఇంటింటికీ వెళ్ళి ఇంజెక్షన్లు ఇచ్చే నర్సు కాబట్టి ఆమెను అందరూ సూదులమ్మ అనేవారు. మంచం దిగలేని ముసలివాళ్ళు ఆమె డీజిల్ కారు చప్పుడు వినగానే చొక్కా చెయ్యి పైకి మడుచుకునేవారు.

ఆ కారుకే జబ్బు చేసింది. సిగ్నల్ దగ్గర ఆగితే చలిజ్వరం వచ్చినట్టు వణికేది. ఎత్తు ఎక్కాలంటే నల్లటి పొగ కక్కేది. ఒకరోజు నాలుగు రోడ్ల కూడలిలో ఆగిపోయింది. భర్త వచ్చి, ఆమెను పక్కసీట్లోకి జరగమని, ఎలాగో ఇంటికి చేర్చాడు.

"నీ చేతిలో పడ్డాక ఏ వస్తువు బతికింది గనక! ఇంజన్ పోయింది. ఇక దీని జోలికి వెళ్ళకు," అంటూ తాళం జేబులో వేసుకున్నాడు.

ఆమె తాను ఒకప్పుడు కట్లు కట్టిన మెకానిక్కుకు ఫోన్ చేసి, డాక్టరుకు రోగి సంగతి చెప్పినట్టు లక్షణాలన్నీ చెప్పింది.

"ఇంజన్ పోవడమేంటమ్మా! పొగని కొంచెం మళ్ళీ ఇంజన్లోకి పంపే వాల్వు ఒకటుంటుంది. మీరు ఇంటింటికీ ఆపుతూ తిప్పుతారు కదా, మసి పట్టి మూసుకోవడం లేదేమో. ఇంజన్ చల్లారాక, బ్యాటరీ తీగ తీసి, విప్పి చూడండి."

ఆదివారం భర్త ఊరెళ్ళాడు. ఆమె బీరువాలోంచి రెండో తాళం తీసింది. బోల్టులు మొండికేశాయి. వేలి కణుపు చీరుకుపోయింది. బయటికొచ్చిన వాల్వు నిండా తారులాంటి మసి. నొక్కితే సగంలోనే బిగుసుకుపోతోంది. కరెంటు భాగం తడవకుండా పైకెత్తి పట్టుకుని, క్లీనర్ కొడుతూ పాత టూత్‌బ్రష్‌తో తోమింది.

అత్తగారు గుమ్మంలో కూర్చుని చూస్తోంది. "వాడు చూశాడంటే ఇల్లు పీకి పందిరేస్తాడే."

"వెయ్యనివ్వండత్తయ్యా."

చివరికి వాల్వు వేలి కింద టక్కుమని మూసుకుంది. కొత్త వాషరు వేసి బిగించి స్టార్ట్ చేసింది. వణుకు లేదు.

"నన్నూ ఎక్కించుకోవే," అంది అత్తగారు. ఇద్దరూ ఎత్తు రోడ్డు ఎక్కి వచ్చారు. వెనక పొగ లేదు. ఆ కాసేపూ ఆమె మనసు తేలికపడింది.

సాయంత్రం భర్త వచ్చాడు.

"ఏమండీ, ఇంజన్ బాగానే ఉందండీ. వాల్వుకి మసి పట్టింది, అంతే. కడిగేశాను."

అతను కారు తీసుకుని ఒక చుట్టు తిరిగొచ్చాడు. "బాగానే నడుస్తోంది," అని చెయ్యి చాపాడు. "ఆ రెండో తాళం కూడా ఇటివ్వు."

"ఎందుకండీ? బాగైందిగా?"

"బాగైంది గనకే. మళ్ళీ నీ చేతికిస్తే ఎన్నాళ్ళుంటుంది?"

కారు చెడిపోయినందుకు అతను తాళం తీసుకోలేదనీ, తీసుకోవడానికి ఆ చెడిపోవడం కలిసొచ్చిందనీ ఆమెకు అప్పుడు అర్థమైంది. తాళం ఇచ్చేసింది.

వంటింట్లో అత్తగారు మెల్లగా అంది: "వీడి నాన్న నా చెప్పులు అటక మీద పెట్టేవాడు, బయటికెళ్తానని."

"మరి మీరేం చేశారు?"

"వట్టికాళ్ళతో వెళ్ళేదాన్ని. తర్వాత వెళ్ళడమే మానేశాను."

ఆమె మానలేదు, నడిచింది. కానీ దూరపు రోగులు ఒక్కొక్కరే వేరే నర్సును కుదుర్చుకున్నారు. చివరికి ఊరవతల ఒక ఆసుపత్రిలో ఉద్యోగానికి చేరి, బస్సెక్కి వెళ్ళివస్తోంది.

ఇంటికొచ్చినవాళ్ళతో అతను, "దగ్గరుండి బాగుచేయించాను," అని కారు చూపిస్తాడు. ఆమె కాదనదు. అతన్ని "ఏమండీ" అని పిలవడం మాత్రం మానేసింది.