ఐదు కొలతల దగ్గర ఆగిన వృత్తం

చదివినదంతా లోకానికి పనికొస్తుందని మనిషి నమ్మే కాలం ఒకటుంటుంది. ఆ రోజుల్లో నాకా నమ్మకం కాస్త ఎక్కువే. మాది బాగేపల్లిలో కిరాణా అంగడి. బి.ఎడ్. ముగించి ఇంట్లో ఉన్నాను. వేసవి సెలవుల తర్వాత బడులు తెరిచేలోగా ఉద్యోగం దొరక్కపోతే అంగట్లో కూర్చోవాలని నాన్న తేల్చేశాడు. కొత్తవాళ్లను చూస్తే నోరు పెగలని నాకు అంగడి కంటే తరగతి గదే నయమనిపించింది (పిల్లలు కూడా మనుషులేనని అప్పటికి తోచలేదు). చింతామణిలో ఒక ప్రైవేటు హైస్కూలువాళ్లు డెమో పాఠానికి పిలిచారు. పాఠం వృత్తం.

వృత్తానికి మూడువందల అరవై డిగ్రీలే ఎందుకు? పాఠ్యపుస్తకంలో ‘ఉంటాయి’ అని మాత్రమే ఉంది. లైబ్రరీలో వెతికి చదివాను. పూర్వం బాబిలోనియావాళ్లు అరవైలతో లెక్కపెట్టేవారట. వ్యాసార్ధమంత తాడు తీసుకుని, అంచు మీద ఒక చోటి నుంచి మరో చోటికి బిగించి పట్టుకుంటూ పోతే, సరిగ్గా ఆరోసారికి మొదలుపెట్టిన చోటికే వస్తాం. ఒక్కో భాగాన్ని అరవై చేస్తే మూడువందల అరవై. కాదు, ఏడాదికి రోజులు దాదాపు అన్నే కాబట్టి అని ఇంకొందరంటారు. ఖాయంగా ఎవరికీ తెలియదు. పిల్లలకు ఆ మాట కూడా చెప్పాలనుకున్నాను.

చూపించడానికి పెద్ద వృత్తం కావాలి. చింతామణిలోనే నా స్నేహితురాలి ఇంట్లో, పట్టుపురుగులు మేపే గుండ్రటి వెదురు తట్ట ఒకటి మెట్ల కింద పడి ఉంది. “ఎత్తుకుపోమ్మా, ఈ తూరి దాంతో మాకు పనేముండాది,” అంది వాళ్లమ్మ. పట్టుపురుగుల సంగతి అంగడివాళ్ల పిల్లకేం తెలుసు? ఆనందంగా నెత్తిన పెట్టుకుని బడికి నడిచాను.

పాఠం మొదట్లో నా గొంతు నాకే వినపడలేదు. కానీ తట్ట అంచు మీద ఎర్రతాడు బిగిస్తూ “ఒకటి” అనగానే పిల్లలు “రెండు” అన్నారు. మూడోదానికి బెంచీలు వదిలి చుట్టూ మూగారు. వెనక కూర్చున్న హెడ్‌మిస్ట్రెస్ కూడా మెడ చాచింది. ఐదు అన్నారో లేదో, బడి సెక్రటరీ లోపలికొచ్చాడు. బడి వెనకే ఆయన పట్టుపురుగుల షెడ్డు. ఆయన నన్ను చూడలేదు, తట్టను చూశాడు.

“ఏమ్మా, ఈ తట్ట యాడిది?”

“స్నేహితురాలి ఇంటిది సార్.”

“వాళ్ల పంట ఎట్లుండాది?”

“పోయింది సార్. పురుగులన్నీ రోగమొచ్చి చచ్చిపోయినాయంట. ఖాళీగా ఉండాదని ఇచ్చినారు,” అన్నాను, వాళ్ల మంచితనాన్ని మెచ్చుకుంటాడనుకుని.

ఆయన గుమ్మం అవతలికి దూకాడు. “అయ్యయ్యో! నా పురుగులు నాలుగో జ్వరం దాటి ఆకు మేస్తాండాయి (పొర విడవడాన్ని ఇక్కడ జ్వరమంటారు), రోగం తట్ట ఎత్తుకొని నా వాకిట్లోకే వచ్చినావా తల్లీ! మేడమ్, బ్లీచింగ్ తెప్పించండి! ముందు ఆమె కాళ్లకి!”

“ఇంకొక్క నిమిషం సార్, పాఠం అయిపోతాది,” అంది హెడ్‌మిస్ట్రెస్, పాపం.

“అది పరీక్షలో వస్తాదా?”

“రాదు సార్.”

“మరి?”

నా చెప్పుల మీద, చీర అంచు మీద తెల్లపొడి చల్లారు. తట్టను ఆవరణలో పెట్టి తగలబెట్టారు. పిల్లలు కిటికీల్లోంచి కేరింతలు కొట్టారు. “ఫోన్ చేస్తామమ్మా,” అంది హెడ్‌మిస్ట్రెస్, బాగా దూరం నుంచి.

గేటు దగ్గర ఒక పిల్ల నిలబడి ఉంది. నేను దగ్గరికి పోతే వెనక్కి జరిగింది, పట్టుపురుగులు పెంచే ఇంటి పిల్లే. “మిస్, ఆరోది సరిగ్గా కూర్చుంటాదా?”

“కూర్చుంటాది.”

“నిజంగా?”

“ఇంటికి పోయి కొలిచి చూడు.”

“మా ఇండ్లో తట్టలు ముట్టుకోనీరు మిస్,” అని లోపలికి పరుగెత్తింది.

ఫోన్ రాలేదు. అంగట్లో కూర్చున్నాను. ఇప్పుడు చిక్కబళ్లాపురంలో ఒక ఆఫీసులో కంప్యూటరు పని. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు, నాకు తగిన ఉద్యోగమని అందరూ అంటారు.

అన్నం తినే పళ్లెం కూడా గుండ్రమేనని ఆ రోజు బస్సు చేలూరు దాటాక గానీ నాకు వెలగలేదు. ఆ పిల్లకు ఆ ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. కొలవకుండానే పరీక్ష పాసై ఉంటుంది, దానికేం ఢోకా లేదు. సంచిలో ఒక పళ్లెం పెట్టుకుపోతే తీరేదానికి, రోగిష్టి తట్టను నెత్తిన పెట్టుకుని చింతామణి బజారు మధ్యలో నడిచిన ఆ అమ్మాయి ఇప్పటికీ కళ్ల ముందు మెదులుతుంది. ఎంత గర్వంగా నడిచిందో!