దాచుకున్న ఐదో తప్పు

ముద్రణ దుకాణంలో అక్షరాలు కూర్చే ఆయన్ని అందరూ భూతద్దం అనేవారు. కరపత్రం చేతికిస్తే చదవడు, తప్పు వెతుకుతాడు. ఆ గుణానికి తగ్గ వ్యాపకమే దొరికింది. ఎందరో కలిసి ఊరికే తయారుచేసి, ఊరికే పంచే రాతపని సాఫ్ట్‌వేర్ ఒకటుంది. కొత్త కూర్పు విడుదలయ్యే ముందు రెండు వారాలు దాన్ని పరీక్షించి తప్పులు పట్టేవాళ్ల జాబితాలో ఆరేళ్లుగా మొదటి పేరు ఆయనదే. ఆ జాబితాకు అద్దం కట్టించి కంప్యూటరు పైన తగిలించుకున్నాడు.

బావమరిదిని ఆ పనిలోకి దింపిందీ ఆయనే.

బడి గుమాస్తా అయిన ఆ బావమరిది వచ్చీరాగానే, "అందరూ రెండు ముక్కలు కొట్టి, బాగుందని రాసి పోతున్నారు బావా. పని పంచుకుందాం," అన్నాడు. తోటి ఉద్యోగులు ఏడుగురిని పోగేశాడు. ఒకరికి పట్టికలు, ఒకరికి అచ్చు, ఒకరికి పాత ఫైళ్లు. ఎవరి రోజువారీ పని వాళ్లు కొత్త కూర్పులో చేసి చూడాలి. వారం తిరక్కుండా పదకొండు తప్పులు పట్టారు. భూతద్దానికి నాలుగే.

"మీ తమ్ముడు మందను తోలుకొచ్చాడు," అన్నాడు భోజనం దగ్గర.

"మీరూ తోలుకురండి, ఎవరొద్దన్నారు? కూర చల్లారిపోతోంది," అంది భార్య.

ఐదో తప్పు ఆయన దగ్గరుంది. దాచాడు. శీర్షిక ప్రతి పేజీలోనూ రావాలని పెడితే, పట్టిక రెండో పేజీకి సాగినప్పుడు మొదటి పేజీ ఆఖరి వరుస అచ్చులో మాయమవుతోంది. నోటుబుక్కులో తేదీ వేసి అంతా వరుసగా రాసుకున్నాడు. ఆఖరి రోజున బయటపెడితే అందరి నోళ్లూ మూతపడతాయనుకున్నాడు.

గడువుకు ముందురోజు బావమరిది దుకాణానికి వచ్చాడు.

"బావా, మార్కుల జాబితా అచ్చు తీస్తే ఒక పిల్ల పేరు ఎగిరిపోయింది. చూసుకోకుండా గోడకి అంటించేశాను. వాళ్లమ్మ వచ్చి, మా అమ్మాయిని బళ్లోంచి తీసేశారా అని ఒకటే ఏడుపు. ఫిర్యాదు పెట్టాను గానీ ఇంకెవరికీ అలా రావట్లేదట. రెండో మనిషి తన కంప్యూటర్లో చూసి ఔనంటేనే బాగుచేస్తారు. నువ్వోసారి చూడవా?"

భూతద్దానికి మండిపోయింది. తన తప్పు, వాడి పేరు మీద!

"పని ఉంది. చూస్తాలే."

"రేపు మధ్యాహ్నం దాటితే ఇలాగే విడుదలైపోతుంది బావా. ఎన్ని బళ్లో వాడతాయి దీన్ని."

భూతద్దం తలెత్తి అద్దంలోని జాబితా చూశాడు. తర్వాత సొరుగు లాగి నోటుబుక్కు బల్లమీద పడేశాడు.

బావమరిది ఆఖరి దాకా చదివి, పైనున్న తేదీ దగ్గర ఆగాడు.

"పది రోజులైంది కదా బావా!"

"ముందు బిగ్గరగా చదువు. నీ ఫిర్యాదు కింద నేను కొడతాను."

తప్పు సరిచేశాకే ఆ కూర్పు విడుదలైంది. జాబితాలో మొదట బావమరిది పేరు, దాని కింద భూతద్దం పేరు. దానికి మాత్రం ఆయన అద్దం కట్టించలేదు. తర్వాతి విడుదలకు బావమరిది పని పంచిన కాగితంలో ఒక వాక్యం కొత్తగా చేరింది: కనబడ్డ తప్పును ఆ రోజే రాయాలి. ఆయన దాన్ని చదివి, సంతకం పెట్టాడు.

పోయేదాకా, ఎవరితోనైనా ఆ మాట వస్తే, "పట్టిక తప్పు ముందు పట్టింది నేనే," అనేవాడు. బావమరిది పక్కనే ఉండి కూడా ఎన్నడూ కాదనలేదు.