ముసుగక్క

"ఏం కాదు, భయపడకండి" అనే మాట ఆ కంటి ఆసుపత్రిలో రోజుకు వందసార్లు వినిపించేది. పందొమ్మిదేళ్ళుగా అక్కడ ఆయాగా ఉన్న ముసుగక్కకు ఆ మాటంటే ఒళ్ళు మంట. పోతే పోయేది చెప్పేవాడి కన్ను కాదు కదా అనేది.

ఆపరేషన్‌కు వచ్చినవాళ్ళ కళ్ళలో పావుగంటకోసారి చుక్కల మందు వెయ్యడం, టోపీ, గౌను తొడగడం ఆమె పని. అంతవరకు చేసి ఊరుకుంటే ఆమె జోలికి ఎవరూ వచ్చేవారు కాదు. ఆమె ఊరుకునే మనిషి కాదు. జనం కత్తికన్నా గుడ్డకే ఎక్కువ హడలిపోతారని మొదటి ఏడాదే కనిపెట్టింది. బల్ల మీద పడుకోబెట్టి, కన్ను దగ్గర కంత ఉన్న పచ్చగుడ్డ మొహమంతా కప్పుతారు. మత్తు కంటికే గాని మనిషికి కాదు. ఊపిరాడనట్టనిపించి, అంతదాకా మీసం దువ్విన మగవాళ్ళు కూడా చెయ్యెత్తి గుడ్డ లాగేసేవారు.

అందుకని ఆమె ఉతికిన పాత గుడ్డలు తెచ్చి, బయట వరండా బల్లల మీదే అందరినీ పడుకోబెట్టి, పది నిమిషాలు ముసుగు కప్పేది. గుడ్డ కిందికి వాళ్ళ చెయ్యే పెట్టించి, గాలి ఆడుతోందో లేదో వాళ్ళనే చూసుకోమనేది. దగ్గొస్తే తల కదపకుండా నోటితో చెప్పడం నేర్పేది. వెలుగు మొహాన కొడుతుందని, కాస్త నొక్కినట్టుంటుందని, చెంప మీద చల్లటి నీళ్ళు కారతాయని ఉన్నదున్నట్టు చెప్పేది. రెండోసారికి ముసుగులోనే గురకపెట్టిన ఘనులు కూడా ఉన్నారు. ముసుగక్క అన్న పేరు వాళ్ళు పెట్టిందే.

కొత్త మేనేజరు వచ్చిన మొదటి వారమే వరండాలోకి అడుగుపెట్టాడు. వరసగా ఆరుగురు మొహాల మీద గుడ్డలతో పడుకుని ఉన్నారు. పాపం, అతను రెండడుగులు వెనక్కి వేశాడు. చూసేవాళ్ళు ఆసుపత్రి అనుకుంటారా, శవాల గది అనుకుంటారా అని మండిపడ్డాడు. గోడకు టీవీ పెట్టించాడు. అందులో ఒకావిడ పొద్దస్తమానం నవ్వుతూ ఏం కాదని చెబుతుంది. ఇంకోసారి ముసుగు కనిపిస్తే ఉతికే గదిలో వేస్తానని ముసుగక్కకు ఖరాఖండిగా చెప్పాడు. చెడ్డవాడేమీ కాదు. కంటికి కనిపించింది చూశాడు, అడగవలసిన ఒక్క ముక్క అడగలేదు.

ఎనిమిది రోజులు ఆమె గుడ్డ ముట్టలేదు. ఆ ఎనిమిది రోజుల్లో నలుగురు ఆపరేషన్ కాకుండానే బల్ల దిగిపోయారు. అందులో ఒకావిడ కుట్టుపని చేసుకునే పెద్దామె. ఒక కన్ను చిన్నప్పుడే పోయింది, ఉన్న కంటికి శుక్లం. గుండెజబ్బు వల్ల ఒళ్ళంతా మత్తు ఇవ్వకూడదు. ఆ రోజుల్లోనే రెండుసార్లు దిగిపోయింది. ఈసారి కదిలితే ఆ కన్నూ దక్కదని, మళ్ళీ దిగిపోతే తాను ఇక ముట్టుకోనని డాక్టరు తెగేసి చెప్పాడు.

మూడోసారి వచ్చి టీవీ కింద కూర్చుంది. ఉన్న కాస్త చూపుతోనే నెట్టుకొస్తాను, ఇంటికి తీసుకుపొమ్మని కోడలి ప్రాణం తీస్తోంది.

ముసుగక్క టీవీ కట్టేసింది. బీరువాలోంచి గుడ్డ తీసి, ఎదురుగా మేనేజరు నిలబడి చూస్తుండగానే దులిపింది.

"నేనేం చెప్పాను మీకు?" అన్నాడతను.

"గుర్తుంది సార్. రేపట్నుంచి ఉతికే గదికి పోతాను. ఈ పది నిమిషాలు మాత్రం నాకు అడ్డు రావద్దు."

బల్ల మీద పడుకోబెట్టి గుడ్డ కప్పితే, పెద్దామె మరుక్షణం లాగేసింది. మళ్ళీ కప్పితే మళ్ళీ లాగేసింది.

"లాగెయ్యి పిన్నీ," అంది ముసుగక్క. "ఇక్కడ ఎన్నిసార్లు లాగినా కన్నేమీ పోదు. లాగాల్సిందంతా ఇక్కడే లాగెయ్యి. నలభై ఏళ్ళు గుడ్డలతో కాపురం చేసి, ఈ జానెడు పేలికకి భయపడితే నీ మిషను నవ్వదూ?"

ముసుగులోంచి చిన్న నవ్వు వినిపించింది. అయిదోసారికి గుడ్డ కదలలేదు. అప్పుడు దగ్గొస్తే ఏం చెయ్యాలో కూడా నేర్పింది.

లోపల సగం పనయ్యాక పెద్దామె తల కదపకుండా, "డాక్టరుగారూ, దగ్గొస్తోంది" అందట. డాక్టరు సాధనం బయటికి తీసి, దగ్గమన్నాడు. దగ్గింది. మిగతా పని పూర్తి చేశాడు. ఆ సంగతి నర్సు వచ్చి చెబితే, ముసుగక్క గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

మేనేజరు మాట మీద నిలబడ్డాడు. మర్నాడు ఉదయం ఆమె ఉతికే గదిలో తడిగుడ్డలు పిండుతుండగా గుమ్మంలో నీడ పడింది. కట్టు విప్పిన కంటితో పెద్దామె నిలబడి ఉంది. తేరిపార చూసి, "నీ జాకెట్టు భుజం దగ్గర కుట్టు ఊడింది. ఇలా తే, వేసిస్తాను" అంది. వెనక ఆపరేషన్‌కు టోపీలు పెట్టుకున్న ముగ్గురున్నారు. తన పక్క మంచాలవాళ్ళను తానే వెంటబెట్టుకొచ్చిందట.

వాళ్ళ వెనకాలే మేనేజరు రొప్పుతూ వచ్చాడు. రోగులు ఇక్కడికెందుకు వచ్చారని గద్దించాడు.

ముసుగక్క చేతులు తుడుచుకుని, ఆరిన గుడ్డల దొంతరలోంచి మూడు తీసింది.

"గుడ్డలన్నీ ఉండే చోటికి మీరే పంపారు సార్. ఇక్కణ్ణుంచి నన్ను ఇంకెక్కడికి పంపుతారో ఆలోచించుకోండి. ఈలోగా నా పని నేను చేసుకుంటాను."

మొదటి మనిషిని ఇస్త్రీ బల్ల మీద పడుకోమంది.