అడిగి పోగొట్టుకున్న దారి

బడి వంటగదిలో ఏళ్ల తరబడి గరిటె తిప్పి రిటైరైన కాన్సెప్టా లావెల్‌కి మిగిలిన సంసారమల్లా టాఫీ అనే ముసలి కుక్క. దాని రెండు కళ్లకీ పొర కమ్మేసింది. అయినా పొద్దున్నే పక్కింటి రైతు మార్టిన్ జో గాహన్ పొలంలో రాతిగోడ వెంట సముద్రపొడ్డుకు పోయే దారిలో మాత్రం పరుగులాంటి నడక నడిచేది. ఏ మలుపులో ఏముందో దాని ముక్కుకి తెలుసు.

ఆ దారిలో నడుస్తానని కాన్సెప్టా ఏనాడూ అడగలేదు. మార్టిన్ జో ఏనాడూ వద్దనలేదు. ఎదురుపడితే ఇద్దరూ కలిసి వానని తిట్టుకునేవాళ్లు. వాళ్ల మేయో తీరంలో మర్యాదంటే అదే మరి!

ఆ వేసవిలో ఇంగ్లండ్ నుంచి అక్క అట్రాక్టా దిగింది.

"పరాయివాడి పొలంలో దొంగలా తిరుగుతావేంటే? మా దగ్గర నడిచే దారికి చట్టముంటుంది, బోర్డుంటుంది. రేపు అతనేమన్నా అంటే? వెళ్లి అడిగెయ్."

"ఇక్కడలా అడగరక్కా."

"అడిగితే నోటి ముత్యాలు రాలతాయా?"

అక్క పోరు పడలేక కాన్సెప్టా ఒక ఆపిల్ టార్ట్ చేసి పట్టుకెళ్లింది. గుమ్మంలోనే నిలబడి అడిగేసింది.

"మార్టిన్ జో, నీ పొలంలోంచి కుక్కని తీసుకెళ్లొచ్చా?"

అతని మొహం కందగడ్డయింది. "ఎందుకడిగావు తల్లీ? ఇన్నేళ్లూ బాగానే ఉన్నాం కదా!"

"మర్యాదకని..."

"ఏం మర్యాద! అడిగావు కాబట్టి ఇప్పుడు జవాబు చెప్పాలి. నీకు సరేనంటే వ్యాన్లేసుకొచ్చే ప్రతి టూరిస్టుకీ సరేననాలి. గొర్రెల్లోకి కుక్కల్ని రానిచ్చానని తెలిస్తే వాటిలో వాటా ఉన్న మా తమ్ముడు నన్ను బతకనిస్తాడా? కుదరదు."

టార్ట్ మాత్రం తీసుకున్నాడు.

ఇక మొదలైంది కొత్త దారి కోసం వేట. అడవిలోకి తీసుకెళితే సైకిళ్లు మీదికొచ్చాయి. రేవు రోడ్డున చేపల లారీలు. గులకరాళ్ల ఒడ్డున టాఫీ రెండడుగులు వేసి వణుకుతూ కూలబడింది. ఇంటికొచ్చాక మార్టిన్ జో పొలం గేటు దగ్గరికి తనే తడుముకుంటూ వెళ్లి, గాలి వాసన చూస్తూ నిలబడేది. అది చూసినప్పుడల్లా కాన్సెప్టా, చేతులారా దీని లోకం మూసేశాను కదా అని తనని తాను తిట్టుకునేది. అక్క మాత్రం చక్కగా ఓడెక్కి వెళ్లిపోయింది.

ఒక సాయంత్రం మార్టిన్ జో ఆమె గుమ్మం ముందుకొచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. కాసేపు వాన గురించి, కాసేపు ఎండుగడ్డి గురించి మాట్లాడాడు. ఆఖరికి టోపీ సర్దుకున్నాడు.

"మోకాలు పట్టేసింది. ఒడ్డు దాకా పోలేకపోతున్నా. గొర్రె వెల్లకిలా పడితే తనంతట తను లేవలేదు, అలాగే చచ్చూరుకుంటుంది. పొద్దున్నే ఎవరన్నా ఓసారి చూసొస్తే..."

"నే చూసొస్తాలే."

"నీకు పనులుంటాయేమో."

"ఏం లేవు." మరి కుక్క అని అడగబోయి కాన్సెప్టా నాలుక కరుచుకుంది.

అతను ఆకాశం వంక చూశాడు. "గాలెక్కువ. ఒక్కదానివే వెళ్లకు. తోడెవర్నన్నా తీసుకెళ్లు." వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

మర్నాడు గేటు తీయగానే టాఫీ ముక్కు నేలకానించి, తాడు లాగేస్తూ ముందుకు దూకింది. తోక ఆగితే ఒట్టు. కాన్సెప్టా గొర్రెల్ని ఒక్కొక్కటిగా చూసుకుంటూ నడిచింది. అన్నీ నిక్షేపంగా మేస్తున్నాయి.

దూరంగా, తప్పించుకున్న గొర్రెపిల్ల వెనకాల మార్టిన్ జో రాతిగోడని ఒక్క గెంతులో దాటాడు. దాటి తలెత్తితే ఎదురుగా కాన్సెప్టా. అక్కడికక్కడే ఆగిపోయి, మోకాలు పట్టుకుని కుంటడం మొదలెట్టాడు.

కాన్సెప్టా ఏమీ చూడనట్టు సముద్రం వైపు తిరిగింది. నవ్వూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.